కరువు సీమ నుంచి సుప్రీం కమాండర్ దాకా.. రష్యన్ మిగ్‌ల కాలంలో నీలం సంజీవరెడ్డి ప్రయాణం ఇదీ!

2025 సెప్టెంబర్ 26.. చండీగఢ్‌లో మిగ్-21 చివరిసారి గాల్లోకి లేచింది. 62 ఏళ్ల సర్వీసు తర్వాత రష్యన్ ఫైటర్ జెట్‌కి భారత వాయుసేన వీడ్కోలు చెప్పింది. ఆ వీడియోలు ఆ రోజు ప్రతి ఫోన్‌లోనూ తిరిగాయి. అయితే ఈ మిగ్‌ల కథలో మన తెలుగు నేలకీ ఓ చోటు ఉంది. అందులోనూ వాన కోసం ఆకాశం వైపు చూసే అనంతపురం జిల్లాకి మరీ ప్రత్యేకమైన చోటు ఉంది.

మిగ్-21 ఒప్పందం కుదిరిన ఏడాది ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎవరు? మిగ్-25 లాంటి అత్యంత వేగవంతమైన విమానం మన వాయుసేనలో చేరినప్పుడు త్రివిధ దళాల సుప్రీం కమాండర్ ఎవరు? రెండు ప్రశ్నలకీ ఒకటే జవాబు.. నీలం సంజీవరెడ్డి. ఇల్లూరు అనే చిన్న ఊరి నుంచి రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లిన రైతుబిడ్డ. మధ్యలో ఓడిపోయి, మళ్లీ పొలానికి వచ్చేసి, తిరిగి లేచిన మనిషి. ఆ కథేంటో ఒకసారి చూద్దాం.

ఇల్లూరు కుర్రాడు

1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో సంజీవరెడ్డి పుట్టారు. తండ్రి నీలం చిన్నప్ప రెడ్డి. ఈ ఊరు ఇప్పుడు గార్లదిన్నె మండలంలో ఉంది. పడమటి కనుమల అవతలే మబ్బులు ఖాళీ అయిపోతాయి. అందుకే ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతకి పేరు. వేరుశనగ వేసి, ఒక్క తడి కోసం వారాల తరబడి ఎదురుచూడటం ఇక్కడి రైతుకి అలవాటైన బతుకు.

ఉన్న కుటుంబం కాబట్టి సంజీవరెడ్డి మద్రాసు అడయార్‌లోని థియోసాఫికల్ హైస్కూల్లో చదివారు. తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చారు. ఆ పర్యటన ఈ కుర్రాడి దారి మార్చేసింది. సీమ దుస్తులు పక్కన పెట్టి ఖద్దరు కట్టారు. 1931లో చదువుకి గుడ్‌బై చెప్పి ఉద్యమంలోకి దిగిపోయారు.

పాతికేళ్లకే, అంటే 1938లోనే ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ కమిటీకి కార్యదర్శి అయ్యారు. పదేళ్ల పాటు ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1940 నుంచి 1945 వరకు మధ్యలో కొన్ని నెలలు తప్ప జైల్లోనే గడిచిపోయింది. అమరావతి జైల్లో టంగుటూరి ప్రకాశం, కామరాజ్, వీవీ గిరి లాంటి వాళ్లు ఆయనకి తోటి ఖైదీలు. వీళ్లలో ఒక పేరు గుర్తుపెట్టుకోండి.. వీవీ గిరి. పాతికేళ్ల తర్వాత ఈ కథలో ఆయన మళ్లీ వస్తారు.

బావమరిది చేతిలో ఓటమి

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగ సభలో సభ్యుడిగా, మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా సంజీవరెడ్డి వేగంగా ఎదిగారు. కానీ తొలి సాధారణ ఎన్నికల్లో సొంత గడ్డ మీదే దెబ్బ తగిలింది. అనంతపురంలో ఆయన్ని ఓడించింది ఎవరో కాదు.. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మకి స్వయానా సోదరుడు. ఒకే ఇంటి చుట్టరికం, రెండు వేర్వేరు జెండాలు. కరువు జిల్లా రాజకీయాల్లో పేద రైతు, కూలీ ఎటువైపు చూస్తున్నారో ఆ ఫలితం చెప్పేసింది.

ఆ ఓటమితో ఆయన ఆగిపోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. మొట్టమొదటి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఈ అనంతపురం రైతుబిడ్డే. 1960లో కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు. 1962 మార్చిలో మళ్లీ ముఖ్యమంత్రిగా హైదరాబాద్ వచ్చారు. సరిగ్గా ఆ ఏడాదే మిగ్ కథ మొదలైంది.

1962.. అసలు మిగ్ ఎందుకు?

అప్పట్లో పాకిస్థాన్ చేతికి అమెరికా ఎఫ్-104 స్టార్‌ఫైటర్ వచ్చింది. ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో వెళ్లే జెట్ అది. మన దగ్గర దానికి సరిపడే విమానం లేదు. అమెరికా నుంచి ఆ స్థాయి విమానం మనకి దొరకలేదు. అదే టైంలో సోవియట్ యూనియన్ ముందుకొచ్చింది. విమానాలు అమ్మడమే కాదు, వాటిని ఇండియాలోనే తయారు చేసుకునే లైసెన్స్ కూడా ఇస్తామంది. 1962 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. రెండు నెలలు తిరక్కుండానే చైనాతో యుద్ధం వచ్చింది. దాంతో మిగ్ అవసరం ఎంతో అందరికీ అర్థమైపోయింది.

మిగ్-21 ప్రత్యేకతలేంటి? సింగిల్ ఇంజిన్, త్రికోణాకారపు రెక్కలు, తేలికైన బాడీ. స్పీడు మ్యాక్ 2, అంటే గంటకి 2 వేల కిలోమీటర్ల పైమాటే. రన్‌వే మీద నుంచి లేచి నిటారుగా ఎక్కేయడంలో దానికి అప్పట్లో తిరుగులేదు. ధర తక్కువ, మెయింటెనెన్స్ సులువు. మైనస్‌లూ ఉన్నాయి. ఇంధనం తక్కువ పడుతుంది కాబట్టి ఎక్కువ దూరం వెళ్లలేదు. దిగేటప్పుడు స్పీడు ఎక్కువ, కాబట్టి కొత్త పైలట్‌కి ల్యాండింగ్ అంటే కత్తి మీద సామే. 1963లో చండీగఢ్ కేంద్రంగా 28వ స్క్వాడ్రన్‌తో ఈ జెట్‌లు మన వాయుసేనలో అడుగుపెట్టాయి.

బాలానగర్‌కి మిగ్ మెదడు

ఇక్కడే తెలుగు నేల సీన్‌లోకి వచ్చింది. మిగ్-21ని ఒకే ఫ్యాక్టరీలో కాకుండా మూడు చోట్ల తయారు చేయాలని ప్లాన్ వేశారు. బాడీ మహారాష్ట్రలోని నాసిక్‌లో, ఇంజిన్ ఒడిశాలోని కోరాపుట్‌లో. మరి రేడియో, నావిగేషన్, రాడార్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలు? వాటి కోసం ఎంచుకున్నది హైదరాబాద్‌ని. ఈ పని కోసం 1963 ఆగస్టులో ఏరోనాటిక్స్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. 1964 అక్టోబర్ 1న అది బెంగళూరులోని పాత విమాన సంస్థతో కలిసి, ఇప్పుడు మనమంతా హాల్ అని పిలుచుకునే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అయింది. 1965లో బాలానగర్ యూనిట్ మొదలైంది. విమానానికి కళ్లు, చెవులు, మెదడు లాంటి భాగాలు అక్కడ తయారయ్యాయి.

ఆ టైమింగ్ గమనించండి. రక్షణ పరిశోధనా ల్యాబ్ డీఆర్‌డీఎల్ 1962లో హైదరాబాద్‌కి మారింది. లోహాల పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్ 1963లో ఇక్కడ వెలిసింది. ఈ రెండూ సంజీవరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రిగా ఉన్న రోజులకి దగ్గరివే. ఇవన్నీ ఆయనొక్కడే తెచ్చారని చెప్పడం సరికాదు. రక్షణ రంగం కేంద్రం చేతిలో ఉంటుంది, నిర్ణయాలు ఢిల్లీలో జరుగుతాయి. అయినా హైదరాబాద్ ఈరోజు రక్షణ పరిశ్రమలకి అడ్డాగా మారిందంటే, దానికి పునాది పడ్డ రోజుల్లో రాష్ట్రం పగ్గాలు పట్టింది ఆయనే.

కానీ ఆ కుర్చీ ఎక్కువ కాలం నిలవలేదు. బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వంపై ప్రతికూల వ్యాఖ్యలు చేసింది. 1964 ఫిబ్రవరిలో ఆయన సీఎం పదవికి రాజీనామా చేశారు. పదవి పట్టుకుని వేలాడకుండా బయటికి రావడం అప్పట్లో పెద్ద చర్చ అయింది.

ఉక్కు నుంచి ఆకాశం దాకా

అదే ఏడాది లాల్ బహదూర్ శాస్త్రి ఆయన్ని కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రిగా తీసుకున్నారు. సోవియట్ సాయంతో బొకారో ఉక్కు కర్మాగారం కట్టే ఒప్పందం 1965లో ఈయన హయాంలోనే కుదిరింది. మిగ్‌లు, ఉక్కు.. రెండింట్లోనూ మాస్కో పాత్ర అలా పెరుగుతూ పోయింది.

శాస్త్రి మరణం తర్వాత ఇందిరా గాంధీ ప్రభుత్వంలో ఆయనకి రవాణా, పౌర విమానయాన శాఖ దక్కింది. ఇక్కడో విషాదం. ఆ ప్రభుత్వం ప్రమాణం చేసిన 1966 జనవరి 24నే ఎయిరిండియా బోయింగ్ విమానం ఆల్ప్స్ పర్వతాల్లో మౌంట్ బ్లాంక్ దగ్గర కూలిపోయింది. 117 మంది చనిపోయారు. వాళ్లలో అణు శాస్త్రవేత్త హోమీ భాభా కూడా ఉన్నారు. కొత్త శాఖలో సంజీవరెడ్డికి మొదటి రోజే ఎదురైన వార్త అది.

1967లో హిందూపురం నుంచి లోక్‌సభకి గెలిచి స్పీకర్ అయ్యారు. స్పీకర్ అంటే ఏ పార్టీకీ చెందకూడదని కాంగ్రెస్ సభ్యత్వాన్నే వదిలేశారు. రెండేళ్లలో ఆ స్పీకర్ కుర్చీ కూడా వదిలి, జీవితంలోనే అతిపెద్ద పోటీకి దిగారు.

14,650 ఓట్ల తేడా

1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా సంజీవరెడ్డిని నిలబెట్టింది. గెలుపు ఖాయం అనుకున్నారు. కానీ పార్టీలో పెద్దల వర్గానికీ, ఇందిరకీ మధ్య యుద్ధం నడుస్తోంది. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయాలని ఇందిర పిలుపునిచ్చారు. ఇండిపెండెంట్‌గా నిలబడ్డ వీవీ గిరి వైపు గాలి తిరిగింది. అవును, ఒకప్పుడు ఒకే జైల్లో ఉన్న ఆ గిరే.

మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఓట్ల విలువలో తేడా కేవలం 14,650. సొంత పార్టీ ప్రధానే ఓడించిన అభ్యర్థిగా ఆయన చరిత్రలో నిలిచిపోయారు. కొద్ది నెలలకే కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

ఆయన మూట సర్దుకుని అనంతపురం వచ్చేశారు. వ్యవసాయంలో పడ్డారు. రాజకీయంగా ఇక ఈయన పని అయిపోయిందని అంతా అనుకున్నారు.

ఢాకా మీద మిగ్‌లు.. పొలంలో సంజీవరెడ్డి

1971 డిసెంబర్ 14.. బంగ్లాదేశ్ యుద్ధం చివరి అంకం. ఢాకాలో గవర్నర్ భవనంలో కీలక సమావేశం జరుగుతోందని సమాచారం అందింది. మన మిగ్-21లు వెళ్లి ఆ భవనం మీద రాకెట్లు కురిపించాయి. గవర్నర్ అక్కడికక్కడే రాజీనామా రాసేశారు. రెండు రోజుల్లో పాక్ సేన లొంగిపోయింది. పశ్చిమ సరిహద్దులో స్టార్‌ఫైటర్‌లని కూడా మిగ్‌లు కూల్చాయి. ఏ జెట్‌కి పోటీగా మిగ్‌ని కొన్నామో, దాన్నే అది నేల కూల్చింది.

ఆ రోజు సంజీవరెడ్డి ఏ పదవిలోనూ లేరు. తన హయాంలో మొదలైన పనుల ఫలితాన్ని కరువు సీమలో ఓ మామూలు పౌరుడిగా విన్నారంతే.

ఏకైక విజేత

1975 మే 1న హైదరాబాద్‌లో జయప్రకాశ్ నారాయణ్ పాల్గొన్న సభతో ఆయన మళ్లీ రాజకీయాల్లోకి వచ్చారు. కొద్ది రోజులకే ఎమర్జెన్సీ. 1977 ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినా, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 గెలిచింది. మిగిలిన ఆ ఒక్క సీటు నంద్యాల. అక్కడ జనతా అభ్యర్థిగా గెలిచింది సంజీవరెడ్డి. రాష్ట్రం మొత్తానికి ఏకైక కాంగ్రెసేతర ఎంపీ!

మార్చిలో మళ్లీ స్పీకర్. జులైలో రాష్ట్రపతి ఎన్నిక. 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకి గురయ్యాయి. మిగిలింది ఒక్కరే. 1977 జులై 25న ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. మన దేశంలో పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి ఇప్పటికీ ఆయన ఒక్కరే. ఎనిమిదేళ్ల కిందట చేజారిన కుర్చీ, ఈసారి ఒక్క ఓటూ పడకుండానే వచ్చింది. పదవిలోకి రాగానే తన జీతంలో 70 శాతం కోత పెట్టుకున్నారు. పేద దేశంలో అంత ఆడంబరం వద్దని ఆయన ఉద్దేశం.

సుప్రీం కమాండర్ అనంతపురం.. ఎయిర్ చీఫ్ హైదరాబాద్

రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి త్రివిధ దళాలకి సుప్రీం కమాండర్. అయితే యుద్ధ విమానాలు ఏవి కొనాలి, ఎన్ని కొనాలి అన్నది తేల్చేది కేబినెట్. రాష్ట్రపతి ఆ సలహా మేరకే నడుచుకోవాలి. ఈ గీత సంజీవరెడ్డికి బాగా తెలుసు.

1978 సెప్టెంబర్‌లో వాయుసేన అధిపతిగా ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ వచ్చారు. ఆయన పుట్టింది హైదరాబాద్‌లో. అంటే మూడేళ్ల పాటు దేశానికి సుప్రీం కమాండర్, ఎయిర్ చీఫ్ ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ వాళ్లే. వాయుసేన రూపం మారిపోయిన కాలం కూడా అదే. మొదట బ్రిటన్ నుంచి జాగ్వార్‌లు వచ్చాయి. తర్వాత మళ్లీ మాస్కో వైపు చూపు మళ్లింది.

ఎందుకంటే 1979 డిసెంబర్‌లో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి దిగాయి. పాకిస్థాన్‌కి అమెరికా సాయం వెల్లువెత్తింది. తర్వాత అది ఎఫ్-16ల డీల్ దాకా వెళ్లింది. ఈలోగా 1980 మేలోనే సోవియట్ యూనియన్‌తో 160 కోట్ల డాలర్ల ఆయుధ ఒప్పందం కుదిరింది. ఆ రోజుల్లో వచ్చినవే మిగ్-23, మిగ్-25.

మిగ్-23 రెక్కలు గాల్లోనే కదులుతాయి. లేచేటప్పుడు, దిగేటప్పుడు రెక్కలు విచ్చుకుంటాయి. స్పీడు పెంచాలంటే వెనక్కి ముడుచుకుంటాయి. మిగ్-25 సంగతి మరీ వేరు. 1981లో బరేలీ చేరిన ఈ నిఘా విమానం 20 కిలోమీటర్ల ఎత్తుకి పైన, మ్యాక్ 2.8 దాకా దూసుకెళ్లగలదు. అంత ఎత్తులో, అంత వేగంతో వెళ్లేదాన్ని అప్పటి ఫైటర్లు అందుకోవడం దాదాపు అసాధ్యం. రిటైర్ అయ్యే ముందు లతీఫ్ స్వయంగా ఆ విమానంలో ఎగిరి వచ్చారు. 1980 డిసెంబర్‌లో సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ ఢిల్లీ వచ్చినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది సంజీవరెడ్డే.

అసలు పరీక్ష ఆకాశంలో కాదు

అయితే ఆయన రాష్ట్రపతి పదవికి అసలు పరీక్ష 1979 జులైలో వచ్చింది. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం పడిపోయింది. చరణ్ సింగ్‌ని ప్రధానిగా పిలిచారు. ఆయన పార్లమెంటుని ఒక్కసారి కూడా ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. కొన్ని వారాల కిందటి దాకా రక్షణ మంత్రిగా ఆ తర్వాత జనతా నేతగా ఉన్న జగ్జీవన్ రామ్ తనకి అవకాశం ఇవ్వాలన్నారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు. ఆగస్టు 22న లోక్‌సభని రద్దు చేశారు. ఓ దళిత నేతకి ప్రధాని అయ్యే ఛాన్స్ పోయిందన్న విమర్శ ఆయన్ని చివరిదాకా వెంటాడింది. మెజారిటీ ఎవరికీ లేనప్పుడు ప్రజల దగ్గరికే వెళ్లాలని సమర్థించేవాళ్లూ ఉన్నారు. ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు.

ఎన్నికలయ్యాయి. ఇందిర తిరిగొచ్చారు. 1980 జనవరి 14న ఆమె చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది సంజీవరెడ్డే. 1969లో తనని ఓడించిన నేత ఎదురుగా నిలబడితే, రాజ్యాంగం చెప్పిన పని చేసి పక్కకి జరిగారు. ముగ్గురు ప్రధానులతో పని చేసిన ఆయన పదవీ కాలం 1982 జులై 25న ముగిసింది. వెళ్తూ వెళ్తూ ఇచ్చిన ప్రసంగంలో మాత్రం మొహమాటపడలేదు. వరుస ప్రభుత్వాలు సామాన్యుడి బతుకు మార్చలేకపోయాయని తేల్చి చెప్పారు. గట్టి ప్రతిపక్షం ఉండాలన్నారు.

మళ్లీ అనంతకే..

బెంగళూరులో స్థిరపడమని అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఆహ్వానించినా, ఆయన అనంతపురం పొలాన్నే ఎంచుకున్నారు. 1996 జూన్ 1న 83 ఏళ్ల వయసులో బెంగళూరులో కన్నుమూశారు. రాయలసీమకి నీటి ఆశ అయిన శ్రీశైలం జలాశయానికి ఆయన పేరే పెట్టారు.. నీలం సంజీవరెడ్డి సాగర్.

ఇక మిగ్‌ల మాటకొస్తే, వాటి లెక్క పూర్తిగా తీపి కాదు. దశాబ్దాల్లో వందల ప్రమాదాలు జరిగాయి. ఎంతోమంది యువ పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. పాతబడిన విమానాల్ని ఇంకా ఎందుకు ఎగరేస్తున్నారని కుటుంబాలు నిలదీశాయి. మిగ్-25 2006లో, మిగ్-27 2019లో, చివరికి మిగ్-21 2025లో తప్పుకున్నాయి.

కానీ లైసెన్స్ తీసుకుని ఇక్కడే తయారు చేయాలన్న 1962 నాటి నిర్ణయం ఫలితం ఇంకా కనిపిస్తోంది. ఆ నాసిక్ ఫ్యాక్టరీలోనే సుఖోయ్-30 ఎంకేఐలు తయారయ్యాయి. ఆగ్నేయాసియాలో వియత్నాం, ఇండోనేషియా, మలేషియా కూడా సుఖోయ్‌లు వాడుతున్నాయి. వీటిలో మలేషియా దగ్గరున్న 18 సుఖోయ్-30 ఎంకేఎంలు మన ఎంకేఐకి తోబుట్టువుల్లాంటివి. రెండు ఇంజిన్లు, రెండు సీట్లు, ముక్కు వెనక చిన్న రెక్కలు, మంటని కావాల్సిన వైపు తిప్పే ఇంజిన్ నాజిల్.. అన్నీ ఒకేలా ఉంటాయి. వాటిని నడపడంలో మలేషియా సిబ్బందికి శిక్షణ ఇచ్చింది మన వాయుసేన బృందమే. విమానాన్ని కొని వాడుకోవడానికీ, దాన్ని తయారు చేసి పక్క దేశానికి నేర్పడానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

ఇల్లూరు చుట్టుపక్కల రైతు మాత్రం ఇప్పటికీ ఆకాశం వైపే చూస్తున్నాడు. విమానం కోసం కాదు, మబ్బు కోసం. దేశం ఆకాశంలో ఎంత ఎత్తుకి ఎగిరిందో సంజీవరెడ్డి దగ్గరుండి చూశారు. నేల మీద ఇంకా ఎంత పని మిగిలిందో వీడ్కోలు రోజున గుర్తుచేసి వెళ్లారు. ఆ రెండో లెక్క ఇంకా తేలాల్సే ఉంది.